నాలుగు చక్రాల ఏరియేటర్: మెషిన్‌కి గ్యారెంటీ కార్డు ఉంది, రొయ్య ధరకి లేదు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నాను. రొయ్యల చెరువు నీళ్ళకి గాలి ఎక్కించే ఈ మెషిన్ మంచిదే. రెండు హెచ్‌పీ, నాలుగు చక్రాలు, త్రీ ఫేజు. ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద రాశాను. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. భీమవరంలో, ఉండి ఊరికి వెళ్ళే రోడ్డు వైపు వెళ్తే ఇలాంటి షాపులు వరసగా కనిపిస్తాయి. అన్నిట్లోనూ దాదాపు ఇదే సరుకు, స్టిక్కర్లే వేరు.

మాది కాళ్ళ మండలం. రెండు చెరువులు, కలిపి నాలుగున్నర ఎకరాలు, అందులో రెండెకరాలు లీజు. గట్టు మీద పని మా ఆయనది, లెక్కల పుస్తకం నాది. సీడు (రొయ్య పిల్లలు) ఎప్పుడు వేశాం, మేత ఎన్ని బస్తాలు దిగింది, డీజిల్ ఎంత తాగింది, ఏజెంటు ఎంతకి అడిగాడు, చివరికి ఎంతకి తూచాడు, అన్నీ నా చేతిరాతే. అందుకని ఈ రివ్యూలో మెషిన్ సంగతి కొంత, పుస్తకం సంగతి కొంత ఉంటుంది. మెషిన్ సంగతి ఒక్కటే కావాలనుకునేవాళ్ళు మధ్యలో కొంత దాటేసి కింద సర్వీసు దగ్గరికి వెళ్ళిపోండి.

ఏరియేటర్ ఎందుకో రొయ్యల వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాను. పగలు ఎండకి చెరువులో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అయ్యేసరికి ఆ నాచే, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి దాన్ని తినేస్తాయి. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. నీళ్ళలో ఆ ప్రాణవాయువు ఎంతుందో కొలిచే డీఓ మీటరులో నాలుగు కనిపిస్తే గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. మూడుకి దిగితే టెన్షన్. రొయ్య గట్టు వెంబడి పైకి తేలిందంటే నాలుగు నెలల పెట్టుబడి తెల్లారేలోపే చేపలవాడికి కూడా పనికిరాకుండా పోవచ్చు. ఒక హెచ్‌పీకి నాలుగైదు వందల కిలోల రొయ్య అని లెక్క. ఈ మెషిన్ ఒక్కటి టన్నుకి కొంచెం తక్కువ రొయ్యకి ఊపిరి పోస్తుందన్నమాట.

కొన్నది 36,500 రూపాయలకి, స్టార్టరు కాకుండా. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, గేరుబాక్సు దాన్ని వంద దాకా తగ్గించి చక్రాలకి ఇస్తుంది. షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలు. మా చెరువులో ఉప్పు నీళ్ళే అయినా ఇంతవరకు తుప్పు చుక్క లేదు. తేలే పీపాలు గట్టివి. మావాళ్ళు రోజూ వాటి మీద నిలబడే నాచు గీకుతారు, ఒక్కటీ పగల్లేదు. పాత మెషిన్ కంటే నీళ్ళు పైకి తక్కువ చిమ్ముతుంది, ముందుకి ఎక్కువ తోస్తుంది. మాకు కావాల్సింది అదే. పైకి ఎగిరే నీళ్ళు చూడ్డానికి బాగుంటాయి కానీ, చెత్తంతా చెరువు మధ్యకి చేరాలంటే తోపు ఉండాలి. పెట్టిన వారానికే చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసుకునే పళ్ళెం) చుట్టూ అడుగు శుభ్రంగా కనిపించింది. కరెంటు గంటకి యూనిట్టున్నర. రోజుకి పదిహేను గంటలు తిప్పితే ఇరవై రెండు యూనిట్లు. సబ్సిడీ రేటు యూనిట్టు రూపాయిన్నర కాబట్టి ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు రూపాయలు. కరెంటు పోయి జనరేటర్ వేసిన రాత్రి మాత్రం ఈ లెక్క రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

ఇంతకీ ఈ మెషిన్ ఎక్కడిది? బిల్లు భీమవరంది. బిగించింది ఇక్కడే, మోటారు కోయంబత్తూరుది, గేరుబాక్సు మీద చైనా అక్షరాలు. అసలు ఇలా చక్రాలు తిప్పి చెరువుకి గాలి ఎక్కించే ఈ రకం మెషిన్లు తైవాన్ రొయ్యల చెరువుల నుంచి వచ్చాయి. మెషిన్ సంగతి సరే, అది ఊపిరి పోసే రొయ్యది ఏ ఊరు? మేం పెంచే వనామీ రకం మన సముద్రంది కానే కాదు. పుట్టిల్లు పసిఫిక్ అవతలి ఒడ్డు, మెక్సికో నుంచి పెరూ దాకా. 1990ల మధ్యలో తెల్లమచ్చ జబ్బు వచ్చి మన టైగర్ రొయ్యని ఊడ్చేశాక ఈ డెల్టాలో ఎంతమంది పొలాలు అమ్ముకున్నారో మా వయసు వాళ్ళకి తెలుసు. 2009లో కేంద్రం వనామీకి అనుమతి ఇచ్చింది. జబ్బుల్లేని తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో చెన్నై వచ్చి, అక్కడ క్వారంటైన్‌లో ఉండి, తర్వాత పిల్లల్ని పుట్టించే హేచరీలకి వెళ్తాయి. హేచరీలో పిల్లకి మేతగా పెట్టే ఆర్టీమియా అనే చిన్న పురుగు గుడ్లలో పెద్ద వాటా అమెరికాలో యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సులో ఏరినవి. అన్నీ కలిసి కాళ్ళ మండలంలో నాలుగు నెలలు పెరిగి, మంచు పెట్టెలో పడుకుని మళ్ళీ అమెరికా వెళ్ళిపోతాయి. మా ఇంట్లో పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మా మేనల్లుడితో ఈ మాటే అన్నాను. వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. గట్టు మీద కుర్చీ వేసుకుని ఫోన్లో గ్రాఫులు చూపించాడు. "అత్తా, నువ్వు ఊరికే విసుక్కుంటావు గానీ ప్రపంచం ఎంత బాగుపడిందో చూడు. 1990లో ప్రపంచంలో ముగ్గురిలో ఒకరికి పైగా కటిక పేదరికంలో ఉండేవాళ్ళు, ఇప్పుడు పదిమందిలో ఒకరే. అప్పట్లో వెయ్యిమంది పిల్లలు పుడితే ఐదేళ్ళు నిండకుండానే 93 మంది పోయేవాళ్ళు. ఇప్పుడు 37. దేశాల మధ్య వ్యాపారం పెరగబట్టే కదా ఇదంతా?"

పిల్లల లెక్క విన్నాక నేను వాదించలేదు. మా అమ్మ ఏడుగురిని కంటే ఐదుగురం మిగిలాం. మా ఊళ్ళో ఈ తరంలో అలా పోగొట్టుకున్న తల్లి కనిపించదు. టీకా ఏ దేశంలో కనిపెట్టారో మనకెందుకు, బిడ్డ బతికింది. "పాత రోజులే బంగారం" అనే పెద్దమనుషులని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో నీళ్ళు మోసింది వాళ్ళు కాదు. ఈ ఇల్లు, పిల్లల చదువులు, మా ఆయన మోకాలి ఆపరేషను, అన్నీ వనామీ డబ్బే. వరి మీద నాలుగున్నర ఎకరాలతో ఇవన్నీ అయ్యేవి కావు, పుస్తకం చూపించమంటే చూపిస్తాను.

అయితే వాడి గ్రాఫులో లేని గీత ఒకటి నా పుస్తకంలో ఉంది.

2025 ఏప్రిల్ పేజీ తీస్తాను. రెండో తారీకున అమెరికా అధ్యక్షుడు ట్రంప్ భారతదేశం సరుకు మీద 26 శాతం సుంకం అని ప్రకటించాడు. ఆ సుంకం ఇంకా అమల్లోకి రాలేదు, మా రొయ్య ఇంకా చెరువులోనే ఉంది. అయినా మా ఏజెంటు అడిగే ధర వెంటనే కిలోకి ముప్ఫై రూపాయలు దిగింది. "ప్లాంటు వాళ్ళు కొనట్లేదండీ, నేనేం చెయ్యను" అన్నాడు. ప్లాంటు అంటే రొయ్య కొని, శుభ్రం చేసి, గడ్డకట్టించి ఎగుమతి చేసే ఫ్యాక్టరీ. అతన్నీ అనలేను, అతనిది కమీషనే. వారం తిరిగేసరికి ఆ సుంకాన్ని తొంభై రోజులు వాయిదా వేశారు. ఆ వార్త కూడా అంతే వేగంగా మా ఫోన్లలోకి వచ్చింది. ధర మాత్రం అంత వేగంగా తిరిగి రాలేదు. ఆగస్టు 7న 25, మళ్ళీ 27న రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25, వెరసి యాభై శాతం అయింది. మరీ చవగ్గా అమ్ముతున్నామని అంతకుముందే వేసిన యాంటీ డంపింగ్ సుంకాలు వీటికి అదనం. మనతో పోటీ పడే ఈక్వడార్‌కి అప్పుడు పదిహేనే. మా ఆయన ఆ రోజు అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "రష్యా చమురు మన చెరువులో ఎక్కడ పోశామే?"

ఆ పేజీలో ఇంకో వరస చూడండి. సీడు డబ్బు హేచరీకి ముందే కట్టేశాం. మేత కంపెనీకి డీలరు ద్వారా ముట్టింది, మా అప్పు డీలరు దగ్గర ఉంది. ఏరియేటర్ షాపుకి రొక్కం. లీజు ముందే. కరెంటు బిల్లు నెలనెలా. అమెరికా దాకా ఎంత పొడుగు గొలుసో అందరికీ డబ్బు ముందే అందింది. అందనిది చెరువులో సరుకు ఉన్నవాడికి ఒక్కడికే. రొయ్యకి వైట్ గట్ జబ్బు వచ్చినా నష్టం మాదే, గాలివాన వచ్చి కరెంటు స్తంభం పడినా మాదే, వాషింగ్టన్‌లో ఎవరికో కోపం వచ్చినా మాదే. 2024-25లో మన దేశం నుంచి 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు వెళ్ళాయి. అందులో పెద్ద వాటా ఫ్రోజెన్ రొయ్యదే, రొయ్య పెంపకంలో మొదటి స్థానం మన రాష్ట్రానిదే. ఇంత పెద్ద వ్యాపారంలో చెరువుకి బీమా చేయించినవాళ్ళు మా చుట్టుపక్కల నాకు తెలిసి ఎవరూ లేరు. ఈ మెషిన్ గేరుబాక్సుకి ఏడాది గ్యారెంటీ కార్డు ఇచ్చారు. వంద కౌంటు (కిలోకి వంద రొయ్యలు తూగే సైజు) ధరకి అలాంటి కార్డు అడిగితే ఏజెంటు నవ్వాడు.

"రిస్కు లేకుండా లాభం ఎలా వస్తుంది అత్తా?" అన్నాడు మేనల్లుడు. నిజమే. కానీ రిస్కు మాది అయినప్పుడు ధర చెప్పే హక్కు కొంచెమైనా మాకుండాలి కదా అన్నాను. వాడు ఫోను జేబులో పెట్టుకుని మీటరు చూడ్డానికి వెళ్ళాడు.

ఇది నాకు కొత్త కాదు. మా పుట్టిల్లు నర్సాపురం దగ్గర. మా అమ్మ లేసు అల్లేది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకి క్రోషా నేర్పారు. అప్పటి నుంచి మా వైపు అరుగుల మీద అల్లినవి యూరప్, అమెరికా బల్లల మీద పరుచుకున్నాయి. ఇప్పుడు అందరూ అంటున్న గ్లోబలైజేషన్ మా అరుగు మీదకి వచ్చి నూటడెబ్భై ఏళ్ళు దాటింది. అమ్మ పువ్వులు అల్లితే, పెద్దమ్మ అతుకుపని చేసేది. కూలి దారం కండె లెక్కన. ఏజెంటు దారం ఇచ్చి, అల్లినది పట్టుకెళ్ళేవాడు. అది ఏ దేశం వెళ్తుందో, అక్కడ ఎంతకి అమ్ముతారో అమ్మకి తెలియదు, అడగాలన్న ఊహ కూడా వచ్చి ఉండదు. అయినా ఆ డబ్బు అమ్మ చేతిలో పడేది. మా నాన్న చేతిలో కాదు. నా స్కూలు ఫీజు లేసు డబ్బే. అందుకే ఈ విషయంలో నేను ఎటూ తెగేసి మాట్లాడలేను.

తర్వాత చైనా మెషిన్ లేసు వచ్చింది. గజాల కొద్దీ, చవగ్గా. నర్సాపురం క్రోషా లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాను. మంచిదే, పేరు దక్కింది. అమ్మ వేళ్ళు అప్పటికే సూది పట్టుకునే స్థితిలో లేవు.

తేడా ఏమిటంటే, నాకు తెలుసు. మా రొయ్య ఎక్కడికి వెళ్తుందో, అక్కడి సూపర్ మార్కెట్లో పౌను ఎంతో, ఈక్వడార్ ఎంతకి ఇస్తుందో, అన్నీ ఫోన్లో కనిపిస్తాయి. అమ్మకి తెలియని ధర నాకు తెలుసు. తెలిసినందువల్ల కిలోకి ఒక్క రూపాయి పెరిగిందా అంటే లేదు, నిద్ర తగ్గింది.

ఇంకో సంగతి కూడా ఫోనులోనే చూశాను. అమెరికాలో లూసియానా అనే చోట పడవలేసుకుని సముద్రపు రొయ్య పట్టేవాళ్ళు ఉన్నారు. ఇండియా నుంచి, ఈక్వడార్ నుంచి, వియత్నాం నుంచి వచ్చే చవక చెరువు రొయ్య వల్ల మాకు డీజిల్ డబ్బులు కూడా రావట్లేదని వాళ్ళ గోల. 2000ల మొదట్లో యాంటీ డంపింగ్ కేసు వేసింది అక్కడి వాళ్ళే, 2005 నుంచి ఆ సుంకం మన మీద ఉంది. ట్రంప్ సుంకం వేసిన రోజు వాళ్ళలో కొంతమంది సంబరపడ్డారు. ఒక ముసలాయన పడవ అంచున కూర్చుని మాట్లాడుతుంటే నాకు కోపం రాలేదు. ఆయన భాష అర్థం కాలేదు గానీ, ఆ ముఖం ధర పడిన రోజు మా ఆయన ముఖమే. చవగ్గా తినేవాడు బాగున్నాడు, మధ్యలో ప్లాంటువాడు బాగున్నాడు. రెండు కొసల్లో రొయ్య పట్టేవాళ్ళిద్దరం ఒకరినొకరం తిట్టుకుంటున్నాం.

నీళ్ళ సంగతి రాయకపోతే మా పక్క చేనువాళ్ళు ఊరుకోరు. మా ఊరి సెంటర్లో కాటన్ దొర విగ్రహం ఉంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టని కంపెనీ వాళ్ళు శిస్తు పెరుగుతుందనే కట్టనిచ్చారు. వాళ్ళ లెక్క వాళ్ళది, మనకి అన్నం దొరికింది. ఆ కాలవ నీళ్ళు మా చిన్నప్పుడు బిందెతో ముంచుకుని తాగేవాళ్ళం. ఇప్పుడు ఇరవై లీటర్ల టిన్ను కొంటున్నాం. చెరువుల నీళ్ళు బోదెల్లోకి, బోదెలు డ్రెయిన్లలోకి. పక్క చేలో వరి ఉప్పుకి ఎర్రబడిందని గొడవలు. ఇందులో మా చెరువు వాటా కూడా ఉంది, కాదని అనను. పట్టుబడి తర్వాత నీళ్ళు నిలవబెట్టి, తేరుకున్నాకే వదులుతున్నాం, దానికి ఒక మడి ఖాళీగా పెట్టాం. అందరూ పెట్టరు, పెట్టమని గట్టిగా అడిగే అధికారీ రాడు. 1996లో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పులో ఉన్నదీ ఈ ఉప్పునీళ్ళ గొడవే. అమెరికా వాళ్ళు మన రొయ్యలో యాంటీబయాటిక్ ఉందా లేదా అని కంటైనర్ ఆపి మరీ పరీక్ష చేస్తారు. మా టిన్ను నీళ్ళని ఎవరూ పరీక్ష చేసినట్టు నేను చూడలేదు.

సరే, సర్వీసు. ఆ ఒక్క మార్కు ఇక్కడే కోశాను.

రెండో పంట మధ్యలో గేరుబాక్సు ఆయిల్ సీలు కారింది. నీళ్ళ మీద నూనె తెట్టు కనిపించగానే మా ఆయన మెషిన్ ఆపేశాడు. షాపుకి ఫోను చేస్తే, "గేరుకి గ్యారెంటీ ఉందండీ, సీలుకి లేదండీ. సీలు మాల్ చైనా నుంచి రావాలండీ, పది రోజులు పడుతుందండీ" అన్నారు. ప్రతి మాటకీ అండీ ఉంది, సీలు లేదు. నలభై కౌంటు రొయ్య చెరువులో పెట్టుకుని పది రోజులు ఆగేది ఎవరు? ఆ సాయంత్రమే మా ఆయన గేరుబాక్సు విప్పి బండి మీద పెట్టుకుని భీమవరంలో లేత్ పని చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ కుర్రాడు ట్రాక్టరు సీలు ఒకటి కొలతకి తెచ్చి, లోపల నైలాన్ బుష్ తిప్పి వేసి, 250 రూపాయలు తీసుకున్నాడు. రాత్రి పది గంటలకి చక్రాలు మళ్ళీ తిరిగాయి. ఆ సీలు ఇంకా కారలేదు. షాపువాళ్ళ సీలు కూడా వచ్చింది, నెల తర్వాత. బీరువాలో ఉంది.

శబ్దం గురించి: మొదట్లో తక్కువే, నడిచేకొద్దీ బేరింగు దగ్గర కొంచెం గరగర. ఇంటికి దగ్గర చెరువు ఉన్నవాళ్ళకి ఇబ్బందే. నాకైతే అది ఆగిపోతేనే మెలకువ వస్తుంది.

మేనల్లుడు వెళ్ళేటప్పుడు, "ఇంత తిట్టావు కదా, మళ్ళీ వరికి వెళ్ళిపోతారా?" అని అడిగాడు. వెళ్ళం. పెద్ద చెరువుకి ఇలాంటివే ఇంకో రెండు కొనాలి, ఈసారి బేరం 35,000కి తెమ్మని మా ఆయనకి చెప్పాను. ప్రపంచంతో వ్యాపారం మానేయమని నేను అనను. పంట వెయ్యకముందే ప్లాంటువాళ్ళు కనీస ధర కాగితం మీద రాసిస్తే, చెరువుకి బీమా ఉంటే, వాడి గ్రాఫులన్నీ ప్రింటు తీయించి ఇంట్లో తగిలించుకుంటాను. అలా రాసిచ్చే ప్లాంటు ఎవరికైనా తెలిస్తే కింద చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

కొనేవాళ్ళకి నాలుగు మాటలు. బిల్లు మీద గేరుబాక్సు సీరియల్ నంబరు రాయించుకోండి, లేకపోతే గ్యారెంటీ దగ్గర పేచీ పెడతారు. మొదటి నెల తిరిగాక గేరు ఆయిల్ మార్చండి, అందులో ఇనుప రజను కనిపిస్తే కంగారు పడకండి, కొత్తదానికి మామూలే. గట్టుకి మూడు నాలుగు మీటర్ల దూరంలో పెట్టండి, దగ్గరగా పెడితే గట్టు కోసుకుపోతుంది. మోటారు మూత కింద సాలెపురుగులు, బల్లులు చేరతాయి, పంటకీ పంటకీ మధ్య విప్పి దులపండి. సీళ్ళు మాత్రం కొన్నరోజే రెండు జతలు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే బేరంలో ఐదొందలు కోయండి, లేత్ కుర్రాడికి అదే చాలు.